వరద తీసిన తర్వాత: రైతుల ప్రశ్నలు, మా జవాబులు

కృష్ణా డెల్టా నుంచి, మునేరు ఒడ్డు నుంచి, పత్తి పండే మెట్ట ఊళ్ల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. వరద పట్టుకుపోయిన పంటను ఎవరూ తిరిగి తేలేరు. కానీ ఆ తర్వాతి నెలరోజుల్లో తొందరపడి కొట్టే మందులు, అయినకాడికి అమ్మేసే గేదెలు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చే అప్పులు కలిపి చూస్తే ఆ నష్టం పంట నష్టానికి ఏమీ తీసిపోవడం లేదు. ఈ రెండో నష్టాన్ని చాలావరకు ఆపుకోవచ్చు. జవాబులు ఆ దృష్టితోనే రాశాం.

ప్రశ్న: ఎంటీయూ 7029 (స్వర్ణ) వరి నాటి 35 రోజులైంది. ఆరు రోజులు నిండా మునిగి నిన్న తేలింది. ఆకులు పసుపు తిరిగి బురద పట్టి ఉన్నాయి. కొట్లో నాలుగు రకాల మందులిచ్చి వెంటనే కొట్టమంటున్నారు. చేను నిలుస్తుందా?
— రైతు, గుడివాడ ప్రాంతం

జవాబు: మందుల సంచి వారం రోజులు పక్కన పెట్టండి. మునిగినన్నాళ్లూ మొక్కకు గాలి, వెలుతురు అందక మొదట్లో దాచుకున్న పిండిపదార్థాన్ని తిని బతికింది. ఇప్పుడు దానికి కావలసింది వేరు కదలడం, కొత్త ఆకు రావడం. ఆకు మీద పోసే మందును అందుకునే శక్తి ఈ వారం దానికి ఉండదు.

ముందు నీళ్లు తీయండి. అయితే పొలం పూర్తిగా ఆరగట్టవద్దు. ఇన్నాళ్లు నీళ్ల కింద నానిన ఆకు మీద ఒక్కసారిగా ఎండ పడితే మాడిపోతుంది. రెండు వేళ్ల మందం నీరు మూడు నాలుగు రోజులు ఉంచి, ఆ తర్వాత పూర్తిగా తీసేయండి. ఆకుల మీద బురద గట్టిగా పట్టి ఉంటే స్ప్రేయరులో మంచినీళ్లు పోసి కడిగినా మేలే. మీ బోదె బాగానే ఉన్నా దిగువ డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుంటే నీరు వెనక్కి తన్నుతుంది. బుడమేరు, కొల్లేరు వైపు చేలు రోజుల తరబడి తేలకపోవడానికి ఒక కారణం ఇదే. ఆ పని ఒక్కరి వల్ల కాదు. ఆయకట్టు రైతులంతా కలిసి ఒక పూట గడ్డపారలు, తాళ్లు పట్టుకుని దిగితేనే అవుతుంది.

నీరు తీసిన అయిదారు రోజులకు చేలో నాలుగైదు చోట్ల చదరపు మీటరు మేర చూడండి. 20×15 సెంటీమీటర్ల దూరంలో నాటి ఉంటే అక్కడ 33 దుబ్బులుండాలి. దుబ్బును పీకి మొదలు వేళ్లతో నొక్కండి. గట్టిగా ఉండి తెల్లటి కొత్త వేర్లు కనిపిస్తే బతికినట్టు. మెత్తగా నలిగి వాసన వస్తే పోయినట్టు. ఇరవైకి పైగా బతికి ఉంటే చేను ఉంచుకోండి. ఖాళీల్లోకి నారు కొననక్కర్లేదు, బాగా పిలకలు వేసిన దుబ్బులను చీల్చి నాటితే సరిపోతుంది. పదిహేను కంటే తక్కువైతే ఈ చేను మీద ఇంకో రూపాయి పెట్టవద్దు, తర్వాతి ప్రశ్న చూడండి. ఈ రెండింటికీ మధ్యలో ఉంటే ఖాళీలు మడంతా చెదురుగా ఉన్నాయా, ఒకే పక్కన ఉన్నాయా అన్నది చూడాలి. ఒకే పక్కన ఉంటే ఆ ముక్క మటుకు మళ్లీ నాటడం తేలిక.

కొత్త ఆకు విచ్చుకున్నాక, నీరు తీసిన మడిలో ఎకరానికి 20 కిలోల యూరియా, 15 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలిపి వేయండి. నీళ్లు నిలిచి ఉండగా వేసిన యూరియా డ్రెయిన్ పాలవుతుంది. ఎండాకు తెగులు మచ్చలు, అంటే ఆకు అంచుల వెంట అలల్లాగా పసుపు చారలు కనిపిస్తే మాత్రం యూరియా ఆపేయాలి, నత్రజని ఆ తెగులును ఎగదోస్తుంది. పాముపొడ (పాము చర్మంలాంటి మచ్చలు పడే తెగులు) వస్తే లీటరుకు 2 మిల్లీలీటర్ల హెక్సాకొనజోల్ చాలు. పొడ కనిపించకముందే కొట్టడం డబ్బు దండుగ.

ఏటా మునిగే చేనైతే వచ్చే ఏడు స్వర్ణ సబ్-1 గురించి ఆలోచించండి. అది మీ స్వర్ణే, ముంపును ఓర్చుకునే గుణాన్ని అందులోకి ఎక్కించారు. పిలక దశలో రెండు వారాల దాకా ముంపుకు తట్టుకుంటుంది. పూత మీద మునిగితే మాత్రం అదీ కాపాడదు.

ప్రశ్న: మాది పూర్తిగా పోయింది. సెప్టెంబరు మధ్యకొచ్చాం. మళ్లీ వరి వేయమని కొందరు, వదిలేసి మినుము చూసుకోమని కొందరు అంటున్నారు.
— రైతు, బాపట్ల జిల్లా

జవాబు: పంటకాలాన్ని వెనక నుంచి లెక్కేయండి. స్వర్ణకు 150 రోజులు కావాలి, కాబట్టి దాన్ని మరిచిపోవాలి. 120 రోజుల్లోపు వచ్చే ఎంటీయూ 1010 గానీ ఎంటీయూ 1153 గానీ ఇప్పుడు వెదబెడితే జనవరి మధ్యకు కోతకొస్తుంది. అప్పటికి మాగాణి మినుముకు అదను దాటిపోతుంది. మినుము గింజను నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరులో, వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదునులో చల్లాలి కదా. అంటే మీ ముందున్నది వరి ఒక్కటా, మినుము ఒక్కటా అన్న ప్రశ్నే. ఒకే ముక్కలో రెండూ రావు.

కాలువ చివరి భూములైతే, జనవరి దాకా నీరు వస్తుందన్న నమ్మకం లేకపోతే వరి జోలికి వెళ్లవద్దు. మళ్లీ దమ్ము, విత్తనం, కలుపు, ఎరువు, కోత మిషను ఖర్చులన్నీ రెండోసారి పెట్టాలి. నీళ్లున్న చోట, తినడానికి గింజలు ఇంట్లో లేని కుటుంబాలు ఒక ముక్కలో వరి, మిగతాదాంట్లో మినుము పెట్టుకోవడం మాకు సబబుగా తోస్తుంది. మినుముకు ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం చల్లాలి. పల్లాకు తెగులును (ఆకులు పసుపుపచ్చగా మారే జబ్బును) కొంత తట్టుకునే ఎల్‌బీజీ 787, టీబీజీ 104 లాంటివి చూడండి. అందరూ ఒక్కసారే విత్తనానికి ఎగబడతారు, ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

వరే వేస్తే నారు పోయకండి, నెల రోజులు పోతాయి. డ్రమ్ సీడర్‌తో ఎకరానికి 12 నుంచి 15 కిలోలు చాలు. విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి ఇంకో రోజు మండెకట్టి (తడిగోనెలో మూటకట్టి), ముక్కు పగలగానే వేయాలి. మొలక పొడవైతే డ్రమ్ము రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. మడి చదునుగా లేకుంటే పల్లంలో పడ్డ గింజ కుళ్లిపోతుంది. వరద తర్వాత వేసే వెద చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ప్రశ్న: కోసి పనల మీద ఉండగా తుపాను వాన పట్టుకుంది. మొలకలు వస్తున్నాయి. మిషనుతో కోసిన ధాన్యం ఇంకో పక్క పచ్చిగా కుప్పలో ఉంది. మిల్లరు బస్తాకు ఎనిమిది కిలోలు తరుగు అడుగుతున్నాడు.
— రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మూడు పనులున్నాయి. ఆలస్యమైతే మూడూ పనికిరావు.

పనలను ఈ రోజే గట్ల మీదికి చేర్చి, కంకుల మీద తడిసేలా 5 శాతం ఉప్పునీళ్లు కొట్టండి. లీటరుకు 50 గ్రాములు, ఎకరానికి 200 లీటర్లు, అంటే పది కిలోల కల్లుప్పు. ఉప్పు గింజలోకి నీరు దిగకుండా పట్టి ఉంచుతుంది, మొలక ఆగుతుంది. అప్పటికే మొలిచిన గింజను అది బాగుచేయదు. అందుకే మొలక కనిపించాక కాదు, వాన తెరిపి ఇవ్వగానే కొట్టాలి. నిలబడి ఉన్న చేను పడిపోతే నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టి ఇదే ద్రావణం కొట్టవచ్చు. పని అయ్యాక స్ప్రేయరును కడగండి, ఉప్పుకు ఇత్తడి నాజిల్ పాడవుతుంది.

పచ్చి ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే గింజ రంగు మారడం మొదలైనట్టే. ఎండ లేదని పట్టా కప్పి వదిలేస్తే లోపల చెమటపట్టి రెండు రోజుల్లో పసుపెక్కుతుంది. క్వింటాకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక గానీ ఎండుగడ్డి గానీ కలిపి పోగుపెట్టండి. ఊక తేమ పీలుస్తుంది. ఎండ కాయగానే పలచగా ఆరబోసి తూర్పారబట్టాలి. పట్టా కప్పక తప్పనప్పుడు కర్రలు పాతి దాని మీద కప్పండి, గాలి ఆడాలి. మొలకెత్తిన గింజలున్న రాశిని మంచిదాంట్లో కలపవద్దు. కొనుగోలు కేంద్రంలో దెబ్బతిన్న, రంగుమారిన, మొలకెత్తిన, పుచ్చిన గింజలన్నీ కలిపి 5 శాతం దాటకూడదన్నది నిబంధన. తుపాను ఏడుల్లో ప్రభుత్వాలు సడలింపు అడుగుతాయి, అది వచ్చేదాకా చెడ్డరాశి విడిగా ఉంటేనే మంచిరాశి పూర్తి ధరకు పోతుంది. ఇంకొకటి, ఈ ధాన్యం నుంచి విత్తనం దాచుకోకండి.

ఇక తరుగు. దీనికి లెక్క ఉంది, మిల్లరు దగ్గరికి అది పట్టుకునే వెళ్లండి. మద్దతు ధరకు తేమ 17 శాతం దాకా ఒప్పుకుంటారు. 75 కిలోల బస్తా 20 శాతం తేమతో ఉంటే 17కు ఆరేసరికి 2.7 కిలోలు తగ్గుతుంది. 22 శాతం ఉంటే 4.5 కిలోలు, 24 శాతం ఉంటే 6.3 కిలోలు. అంతకుమించి తీసుకునేది తేమ కాదు, మీ ధాన్యం. తేమ మిషను మీ ఎదుట పెట్టించి, రాశిలో పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసిన గింజతో చూడమనండి. 2025–26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, బస్తాకు 1,777 పడుతుంది. 22 శాతం తేమ ధాన్యానికి ఎనిమిది కిలోలు తీస్తే ఒక్కో బస్తాకు మూడున్నర కిలోలు, అంటే 80 రూపాయలకు పైగా ఊరికే పోతున్నాయి. ఎకరానికి 30 బస్తాలనుకుంటే 2,400 దాటుతుంది.

ప్రశ్న: నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాను. ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) యజమాని పేరుంది. కాగితం మీద సంతకం పెట్టడు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు నా పేరు రాయలేదు. కౌలు బస్తాలు మాత్రం ఇవ్వాల్సిందే అంటున్నాడు.
— కౌలు రైతు, కృష్ణా జిల్లా

జవాబు: మాకు వచ్చే ఉత్తరాల్లో అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పెట్టుబడి పెట్టింది, మునిగింది ఒకరు, పరిహారం చేరేది ఇంకొకరికి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగు హక్కు పత్రానికి గడువు 11 నెలలు. దానివల్ల కౌలుదారుకు భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీద మటుకే హక్కు. ఈ సంగతి తెలియకే చాలామంది యజమానులు సంతకానికి భయపడుతున్నారు. ఊరి పెద్దల సమక్షంలో, రైతు సేవా కేంద్రం సిబ్బందిని పక్కన పెట్టుకుని ఆయనకు చదివి వినిపించండి. ఒంటరిగా అడిగినప్పుడు కాదన్నవాళ్లు నలుగురిలో ఒప్పుకోవడం ఉంది.

అప్పటిదాకా సాగు చేసింది మీరేనని రుజువులు పోగేయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాటిన తేదీ, మునిగిన తేదీ, తేలిన తేదీ ఒక కాగితం మీద రాసి, ఇరుగుపొరుగు చేల రైతులు ఇద్దరి చేత సంతకం పెట్టించండి. ఫోనులో స్థలం, తేదీ పడే ఏర్పాటు చేసుకుని, మీరు చేలో నిలబడి, వెనక గుర్తుపట్టగల చెట్టో కరెంటు స్తంభమో కనిపించేలా ఫొటోలు తీయండి. మీ పేరున్న ఎరువుల బిల్లులు, ట్రాక్టరు కిరాయి రసీదులు జతచేయండి. నష్టపోయినవారి జాబితాను గ్రామ సచివాలయంలో అంటించినప్పుడు అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువిస్తారు. ఆ గడువులో రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పింది ఎక్కడా మిగలదు.

ఎంత వస్తుందో తెలిసి ఉండటం మంచిది. కేంద్రం 2022–26కు పెట్టిన విపత్తు సహాయ నిబంధనల్లో పంట 33 శాతం, ఆపైన పోతే వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు. రెండు హెక్టార్ల వరకే. మీ వరికి ఎకరానికి 6,900 లోపే పడుతుంది. రాష్ట్రాలు పైన కలిపితే పెరుగుతుంది. 2024 సెప్టెంబరు వరదలకు రెండు తెలుగు రాష్ట్రాలూ వరికి ఎకరాకు 10,000 ప్రకటించాయి. మంజూరైనా ఆధార్‌కు బ్యాంకు ఖాతా అనుసంధానం కాక వెనక్కిపోయిన డబ్బు చాలా ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి ఆ ఒక్కటీ ఇప్పుడే చూసుకోండి.

కౌలు మాట. పరిహారం యజమాని ఖాతాలో పడితే దాన్ని కౌలులో మినహాయించాలని, లేదా మీకు ఇవ్వాలని పడకముందే రాసుకోండి. పంటే లేనప్పుడు మొత్తం బస్తాలు అడగడం న్యాయం కాదు. ఈ ఏటిది సగానికి తగ్గించడమో, మిగతా సగం వచ్చే రెండు పంటల మీద వేయడమో మధ్యేమార్గం. బస్తాలకు బదులు అప్పుపత్రం రాసి వడ్డీ కట్టడానికి మాత్రం ఒప్పుకోకండి.

ప్రశ్న: మునేరు పొంగి రెండెకరాల్లో ఇసుక మేటవేసింది. కొన్నిచోట్ల జానెడు, కొన్నిచోట్ల మోకాలి లోతు. తోలించాలా, వదిలేయాలా?
— రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మొత్తం తోలించాలన్న ఆలోచన మానుకోండి. ఎకరంలో మూడంగుళాల ఇసుక అంటే 10,890 ఘనపుటడుగులు. ట్రాలీకి వంద అడుగులు పట్టినా 109 ట్రిప్పులు. అదే విపత్తు నిబంధనల్లో మూడంగుళాలకు మించిన మేట తీయడానికి సన్న, చిన్నకారు రైతులకిచ్చేది హెక్టారుకు 18,000, ఎకరానికి సుమారు 7,280. ట్రిప్పుకు 67 రూపాయలు పడుతుంది, లోడింగ్ కూలికి కూడా చాలదు. జానెడు మేట అంటే ట్రిప్పులు ఈ లెక్కకు మూడింతలు.

అందుకే ముందు కొలవండి. ఇరవై అడుగుల కొకచోట పారతో గుంట తీసి, పాత నల్లమట్టి ఎంత లోతులో తగిలిందో కాగితం మీద చేను బొమ్మ గీసి రాసుకోండి. మూడంగుళాల లోపున్న చోట ఇసుకను కదపవద్దు, లోతు దుక్కి చేసి కింది మట్టిలో కలిపేయండి. నల్లరేగడికి ఆ మాత్రం ఇసుక హాని చేయదు. మెత్తటి ఒండ్రు అయితే లాభమే, పైన కట్టే పెచ్చు పగలగొడితే చాలు. అడుగు దాకా ఉన్న చోట ట్రాక్టరు బ్లేడుతో గట్ల వైపుకు నెట్టించి, ఆ ఇసుకనే గట్టుగా పేర్చండి. డోజరు వాడితే పక్కనే నిలబడండి. నల్లమట్టి కనిపించగానే ఆపించాలి, లేకపోతే ఇసుకతోపాటు తరాలుగా పోసిన పైమట్టి కూడా పోతుంది. అది పోతే ఏళ్ల తరబడి పంట ఎదగదు.

మోకాలి లోతు ముక్కను ఈ ఏడు వరికో పత్తికో తేవాలని చూడకండి. ఇసుకలో గుంటలు తీసి, పాత మట్టి తగిలేదాకా దించి, పశువుల ఎరువు, చెరువుమట్టి నింపి పుచ్చ, దోస, గుమ్మడి పెట్టండి. వేసవి మొదట్లో చేతికి డబ్బొచ్చే దారి అదొక్కటే. సరిచేసిన ముక్కల్లో వచ్చే తొలకరికి ఎకరాకు 12 నుంచి 15 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) చల్లి, పూతకొచ్చే వేళ కలియదున్నితే మట్టికి మళ్లీ పట్టు వస్తుంది.

మేట తీయకముందే లోతు కొలిచిన ఫొటోలతో తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి, తీసేశాక ఎవరూ నమ్మరు. ఇసుకను పొలం దాటించి అమ్మాలన్నా, తోలాలన్నా అనుమతి కావాలి, లేకపోతే బండి పట్టుకుంటారు. హద్దురాళ్లు కొట్టుకుపోయి ఉంటే మండల సర్వేయరు చేత కొలిపించాకే గట్లు వేయండి. ఏరు దారి మార్చి భూమినే కోసుకుపోయిన సన్న, చిన్నకారు రైతులకు హెక్టారుకు 47,000 వేరే పద్దులో ఉంది, అడిగితేనే రాస్తారు.

ప్రశ్న: వానకు పత్తి చేను వారం నీళ్లలో నిలిచింది. ఇప్పుడు మొక్కలు తలలు వాల్చేస్తున్నయి.
— రైతు, వరంగల్ ప్రాంతం

జవాబు: వేర్లకు గాలి అందక మొక్క వడలిపోవడం ఇది. సాళ్ల మధ్య బోదె తీసి నీళ్లు బయటకు పంపండి. వాలిన మొక్కల మొదళ్లు తడిసేలా లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయండి. మిగతా చేనుకు లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) పైన కొట్టండి, వారం తర్వాత ఇంకోసారి. నేల ఆరి గుంటక తిరిగేలా అయ్యాకే ఎకరానికి 25 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్. తడి నేలలో గుంటక తోలితే మట్టి గట్టిపడి వేరు ఇంకా బిగుసుకుపోతుంది.

ప్రశ్న: రెండు పాడిగేదెలు కొట్టుకుపోయాయి, ఒకటి మిగిలింది. వరిగడ్డి వామి నానిపోయింది. ఉన్నదాన్ని అమ్మేద్దామంటున్నాడు మా ఆయన.
— మహిళా రైతు, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: అమ్మకండమ్మా. వరద పది రోజుల్లో అందరూ సంతకు తోలుతారు, ధర సగానికి పడుతుంది. పంట మళ్లీ చేతికొచ్చేదాకా మీ ఇంట్లో పూట పూటకూ డబ్బు తెచ్చేది ఆ గేదె ఒక్కటే. మేపలేమన్న భయమే ఆయన చేత అమ్మేద్దామనిపిస్తోంది కాబట్టి గడ్డి సంగతి చూద్దాం.

వామి విప్పేయండి. పైన, అడుగున నల్లబడి బూజువాసన వేసేదంతా ఎరువు గుంటలో వేయండి. బూజుగడ్డి తిన్న గేదెలకు తోక, చెవుల చివర్లు ఎండి రాలిపోయే డెగ్నాలా జబ్బు వస్తుంది. కడిగి ఎండబెట్టినా బూజువిషం పోదు. నడుమ బాగున్న గడ్డిని ఆరబెట్టి, 100 కిలోలకు 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పట్టాతో గాలి చొరకుండా మూడు వారాలు మూయండి. గడ్డిలో చెమ్మ మిగిలి ఉంటే నీళ్లు తగ్గించండి గానీ యూరియా పెంచవద్దు. తెరిచాక ఘాటు పోయేదాకా ఆరనిచ్చి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆర్నెల్ల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్లు నేరుగా తాగితే పశువు ప్రాణానికే ముప్పు, బకెట్లు దూరంగా పెట్టండి. పచ్చిమేతకు పశుగ్రాసపు మొక్కజొన్న వేస్తే రెండు నెలల్లో కోయవచ్చు. జొన్న త్వరగా వస్తుంది గానీ లేతగా కోసి వేస్తే విషమవుతుంది, పూత దాకా ఆగాలి.

గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఈ వారమే వేయించండి. బురదలో నిలిచిన గిట్టల పుండ్లను లీటరుకు గ్రాము పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో రోజూ కడగాలి. మీ కాళ్లకు పుండ్లుంటే ఆ బురదలోకి చెప్పుల్లేకుండా దిగకండి. ఎలుక జ్వరం అలాగే వస్తుంది, జ్వరంతోపాటు కళ్లు ఎర్రబడి పిక్కలు లాగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పోయిన గేదెలకు పరిహారం ఉంది. అవే 2022–26 కేంద్ర నిబంధనల ప్రకారం పాడిపశువుకు 37,500 చొప్పున ఇంటికి మూడింటి దాకా, ఎద్దుకు 32,000, మేక, గొర్రెకు 4,000. 2024 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పాడిపశువుకు 50,000 ఇచ్చింది. కళేబరం దొరికితే పూడ్చకముందు పశువైద్యుడి చేత రాయించుకోండి, చెవి ట్యాగు నంబరు కనిపించేలా ఫొటో తీయండి. కొట్టుకుపోయినవాటికి పాలకేంద్రం పుస్తకం, టీకా కార్డు, ఇరుగుపొరుగు సాక్ష్యం పనికొస్తాయి. కొట్టం కూలినందుకు 3,000 వేరుగా అడగండి.

ప్రశ్న: బ్యాంకులో పంటరుణం లక్ష, డ్వాక్రా అప్పు, బయట మూడు రూపాయల వడ్డీకి లక్ష ఉన్నాయి. రుణం రెన్యువల్ చేయకపోతే ఇబ్బంది అని బ్యాంకువాళ్లంటున్నారు. దానికి ఒక వారానికి డబ్బు సర్దే మనిషి ఉన్నాడు, కమీషన్ అడుగుతున్నాడు.
— రైతు కుటుంబం, ఏలూరు జిల్లా

జవాబు: ఆ మనిషి దగ్గరికి వెళ్లకముందు బ్యాంకులో అడగాల్సిన మాట ఒకటుంది: రుణ రీషెడ్యూలు. విపత్తు ప్రాంతంగా ప్రకటించిన చోట పంట 33 శాతం నుంచి 50 శాతం పోతే పంటరుణాన్ని రెండేళ్ల దాకా, 50 శాతం, ఆపైన పోతే అయిదేళ్ల దాకా వాయిదాల కిందికి మార్చవచ్చని, మొదటి ఏడాది కట్టనక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల్లో ఉండేది. మార్చాక కొత్త పంటకు కొత్త రుణం కూడా ఇవ్వవచ్చు. ఆ ఆదేశాల ప్రకారం ఇది విపత్తు జరిగిన మూడు నెలల్లో పూర్తికావాలి. కాబట్టి గడువు రోజు దాకా ఆగకుండా ఇప్పుడే నష్టం వివరాలతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, ప్రస్తుతం అమల్లో ఉన్న ఆదేశం ప్రతిని చూపించమని అడగండి. మొదటి ఏడాది కట్టనక్కర్లేదంటే వడ్డీ లేదని కాదు, అది పడుతూనే ఉంటుంది. తొలి ఏడు దాటాక రాయితీ పోయి మామూలు రేటు పడవచ్చు. అయినా మీకు మేలే.

ఎందుకంటే అసలు బరువు బయట అప్పులో ఉంది. లక్షకు మూడు రూపాయలంటే ఏడాదికి 36,000. పంటరుణం 7 శాతమైనా 7,000, సకాలంలో కడితే 4,000. పరిహారం డబ్బు వచ్చినప్పుడు ముందు అడిగింది ఎవరైనా సరే, దాన్ని మూడు రూపాయల అప్పుకే కట్టండి. నగ ఉంటే బ్యాంకులో కుదువపెట్టి ఆ అప్పు తీర్చడం నయం. డ్వాక్రా వాయిదా ఆగితే గుంపులో అందరి మాటా పోతుంది. గ్రామ సంఘం సమావేశంలో ముందే చెప్పి రెండు మూడు నెలల వెసులుబాటు తీర్మానంగా రాయించుకోండి.

ఇంట్లో అందరూ కూర్చుని వచ్చే పంట దాకా నెలల లెక్క వేయండి: తిండిగింజలు ఎన్ని నెలలకున్నాయి, మందులు, పిల్లల ఫీజులు, విత్తనం. ఎవరైనా పనికి వెళ్లగలిగితే జనవరి నుంచి గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతలుంటాయి, అందరూ వెళ్లి పిల్లల బడి మాన్పించడం కంటే ఒకరిద్దరు వెళ్లడం మేలు. అమ్మక తప్పకపోతే టీవీ, బండి, చివరికి నగ. పాడిగేదె, మోటారు, స్ప్రేయరు మాత్రం ఆఖరి దాకా ఉంచండి. సంపాదన తెచ్చే వస్తువు పోతే అప్పు తీరే దారే మూసుకుపోతుంది.

ప్రశ్న: బీమా కట్టాను. ఎవరికి చెప్పాలి?
— రైతు, కాకినాడ జిల్లా

జవాబు: నష్టం జరిగిన 72 గంటల్లో పంట బీమా హెల్ప్‌లైన్ 14447కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మర్నాడు బ్యాంకులో, వ్యవసాయ కార్యాలయంలో కాగితం ఇవ్వండి. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కోత నుంచి 14 రోజుల దాకా తుపాను, అకాల వర్షాల నష్టం వర్తిస్తుంది. కుప్పవేశాక వర్తించదని తిప్పికొడుతుంటారు కాబట్టి పనల మీద ఉన్నప్పటి ఫొటో ముఖ్యం. వరి ముంపును విడి రైతు స్థాయి నష్టాల నుంచి 2018లో తీసేశారు, 2026 ఖరీఫ్ నుంచి తిరిగి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఆ మధ్యకాలపు పంటకైతే ఊరి యూనిట్ దిగుబడిని బట్టే లెక్క. పంటకోత ప్రయోగాలు (దిగుబడి తేల్చడానికి అధికారులు కొన్ని చేలల్లో కోయించి తూచేవి) మీ ఊళ్లో ఏ సర్వే నంబర్లలో పడ్డాయో తెలుసుకుని, ఆ రోజు రైతులు నలుగురు దగ్గరుండండి.

ప్రశ్న: అయిదు హెచ్‌పీ మోటారు, స్టార్టరు మూడు రోజులు నీళ్లలో ఉన్నాయి. ఆరింది, వేయవచ్చా?
— రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: వేయకండి. పైన ఆరినా వైండింగ్‌లో బురదనీరు ఉంటుంది, స్విచ్ వేసిన క్షణంలో కాలిపోతుంది. ముందు ఫ్యూజులు తీసి, స్తంభం దగ్గర సరఫరా ఆపించండి. మోటారు విప్పించి మంచినీళ్లతో ఒండ్రు కడిగి, ఎండలోనో, పెట్టెలో వంద వాట్ల బల్బులు పెట్టో ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. నిప్పు సెగ పెడితే వార్నిష్ కరుగుతుంది. మెకానిక్‌ను మెగ్గర్ (కరెంటు లీకు చూసే మీటరు) పెట్టి చూడమనండి. వైండింగ్‌కూ బాడీకీ మధ్య కనీసం ఒక మెగోమ్ రాకపోతే ఇంకో రోజు ఆరబెట్టాలి. బేరింగుల పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టించండి. స్టార్టరు కాంటాక్టులు గీకి శుభ్రం చేయించి, కెపాసిటర్ మార్పించండి. ఎర్తింగ్ తీగ తెగిందేమో చూసుకున్నాకే సరఫరా ఇప్పించండి, తడినేల మీద నిలబడి స్టార్టరు ముట్టుకునేటప్పుడు ప్రాణం నిలిపేది ఆ తీగే.